రకారాంత రాకుమారి

వైడూర్యపురాన్ని మొదటిసారి చూసినవాళ్ళెవరూ అది మనుషులు కట్టిన పట్టణమంటే నమ్మరు. కొండవాలు మీద వరసలు వరసలుగా పాలరాతి మేడలు, వాటి మీద నెమలికంఠం రంగు పెంకులు, ప్రతి శిఖరం కొసనా పిల్లికన్నులా మెరిసే ఒక వైడూర్యం. గాలి వీస్తే గోపురాల గంటలు మోగేవి. గాలి పడిపోతే పంజరాల్లో గోరువంకలు అందుకునేవి. ఇంత సొగసుకీ దిష్టిచుక్కలా కోటగోడ పాదాల దగ్గర ఒక మడుగు ఉంది. ఎండ నడినెత్తిన ఉన్నా దాని నీళ్ళు నల్లగానే ఉంటాయి. ఆ నీళ్ళలో ఎవరున్నారో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. గుర్తున్న ఒక్క మనిషినీ ఊళ్ళోకి రానివ్వడం లేదు.

ఆ మనిషి కేతకీదేవి. మడుగు ఒడ్డున తుమ్మచెట్ల చాటున గుర్రం దిగి నిలబడి ఉంది. సరిహద్దులోని ములకదుర్గం నుంచి కొండచిలువల కోన మీదుగా వచ్చింది. దారిలో కత్తులతో అడ్డుపడ్డ దొంగలను తరమడానికి పట్టినంత సేపు కూడా ఆమె అన్నం తినడానికి ఆగలేదు. ఇంత తొందరా తమ్ముడి కూతురి బారసాలకి.

వైడూర్యపురం రాజు మణిధరుడు ఆమె తమ్ముడు. వాళ్ళ వంశంలో ఆడపిల్ల పుడితే పేరు పెట్టే హక్కు మేనత్తది. ఈసారి మాత్రం మేనత్తకి పిలుపు రాలేదు, ఆజ్ఞ వచ్చింది. మేనత్త నీడ పడితే బిడ్డకు గండమట. బారసాల ముగిసేదాకా కోట గుమ్మం తొక్కకూడదట. ఇది కనిపెట్టినవాడు నాదభట్టు. ఒకనాడు వెండి తంబురా భుజాన వేసుకుని వచ్చాడు, మర్నాటికల్లా రాజగురువైపోయాడు. ఏ ఊరివాడని గానీ, ఎవరి దగ్గర చదివాడని గానీ అడిగినవాళ్ళు లేరు. గొంతు బాగుంది, గడ్డం బాగుంది, అంతకంటే ఏం కావాలి మణిధరుడికి.

ఆ నాదభట్టే ఇంకొకటి కూడా సెలవిచ్చాడు. రాకుమారి పేరు ‘ర’ అన్న అక్షరంతో ముగియాలి. అలా ముగిస్తే ఏడు ద్వీపాలూ ఆమె పాదాల దగ్గర ముగుస్తాయట.

కేతకి తన తెల్లగుర్రం కళ్ళెం పట్టుకుని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. గుర్రం పేరు కొంగ. అది నీళ్ళ మీదికి మూతి చాచి, ముట్టకుండానే వెనక్కి లాక్కుంది.

“ఏమే, నీకూ రాచమర్యాదలు కావాలా?” అంది కేతకి.

సరిగ్గా అప్పుడే కోటగోడకి ఆనుకుని ఉన్న ఇళ్ళలోంచి తల్లులు పిల్లలను మధ్యాహ్నం భోజనానికి పిలవడం మొదలుపెట్టారు.

“బధిరా... ఎక్కడున్నావే?”

“తస్కరా... చేతులు కడుక్కో.”

“ఒసే మత్సరా... పప్పు చల్లారిపోతోంది.”

కేతకి తన చెవులను తనే నమ్మలేకపోయింది. రాజుగారి బిడ్డకి ‘ర’ మంచిదైతే మన బిడ్డకి చెడ్డదా అనుకుని ఊరు ఊరంతా ఎగబడిందన్నమాట. పాత పేర్లు కూడా మార్చి పారేశారు. ఒక తల్లి కూతురికి చెవిటిదని పేరు పెట్టుకుంది. ఒకామె దొంగని పెట్టుకుంది. మూడో ఆమె ఓర్వలేనితనాన్ని ఉయ్యాలలో వేసి ఊపింది. చివర్లో ‘ర’ వినబడితే చాలు, ముందు ఏముందో చూసే ఓపిక ఎవరికీ లేదు.

నవ్వబోయినదల్లా ఆగిపోయింది. మడుగులో బుడగలు లేస్తున్నాయి. బధిరా అన్నప్పుడు ఒకటి. తస్కరా అన్నప్పుడు ఇంకొకటి. మత్సరా అన్న పిలుపు సాగినంతసేపూ బుడగల వరస ఒడ్డుకేసి సాగింది. పిలుపు ఆగగానే నీళ్ళు మళ్ళీ నల్లటి పలకలా బిగుసుకున్నాయి.

చిన్నప్పుడు తల దువ్వుతూ నాయనమ్మ చెప్పిన మాటలన్నీ కేతకికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ మడుగులో శంఖకర్ణుడనే భూతం ఉంది. వాడిని అందులోకి తొక్కింది కేతకి ముత్తాత. తొక్కేటప్పుడు ఒట్టు వేయించుకున్నాడు: పిలవని గడప తొక్కనని. భూతం ఊరికే ఒట్టు వేస్తుందా, ఒక మెలిక పెట్టింది. మీ వంశపు కోడలు బిడ్డ ఉయ్యాల పక్కన నిలబడి తన నోటితో మూడుసార్లు నన్ను రమ్మంటే వస్తాను, ఆ ఉయ్యాలలో ఉన్నది నాది, నన్ను పిలిపించినవాడు ఆ రాజ్యానికి యజమాని అంది. ముత్తాత తక్కువవాడా, తనూ ఒకటి కలిపాడు. పిలిచే ఆ నోరే ఎప్పుడు రాకు అన్నా ఇక ఆ గడప నీకు లేనట్టే అన్నాడు.

నాయనమ్మ జడ చివర ముడి వేస్తూ చివరికి ఇంకో మాట చెప్పేది. “వాడు మడుగులో ఉన్నన్నాళ్ళే మన కోడలి పిలుపు కావాలి. ఒకసారి బయటపడ్డాడంటే ఇక ఏ ఇంటి తల్లి మూడుసార్లు పిలిచినా వాడికి చాలు.”

ఈ కథ ఆ ఇంట్లో ఆడవాళ్ళ నోటి నుంచి ఆడవాళ్ళ చెవికి వచ్చింది. కొత్త కోడలు లవంగికి చెప్పవలసిన పెద్దదిక్కు కేతకే. అందుకే ఆమె నీడ బిడ్డకి పనికిరాలేదు.

రాసినప్పుడు అది ‘ర’. పిలిచినప్పుడు ‘రా’. పేరు పెట్టుకున్నాక తల్లి పిలవకుండా ఎలా ఉంటుంది? నాదభట్టు మంత్రం వేయనక్కర్లేదు, తంత్రం చేయనక్కర్లేదు. అర్థం అడగని ఊళ్ళో మాయలు దండగ.

కేతకి కొంగ తోకలోంచి ఒక గుప్పెడు వెంట్రుకలు కోసింది. కొంగ తల తిప్పి నొచ్చుకున్నట్టు చూసింది. తుమ్మజిగురు పూసి ఆ వెంట్రుకలు గడ్డానికి అతికించుకుని, దుప్పటి తలపాగా చుట్టి, నుదుట విభూతి దట్టించేసరికి మడుగు నీళ్ళలో ఒక ముసలి పండితుడు కనబడ్డాడు. కొలువులో కూర్చునే పండితుల కంటే కాస్త తెలివిగా కనబడ్డాడనే చెప్పాలి.

కోటగుమ్మం ముందు పేర్ల పండితులు బారులు తీరి ఉన్నారు. రాజుగారు అంత్యాక్షరం ఒక్కటే ఖాయం చేశారు, పేరు మాత్రం తల్లి మెచ్చినది కావాలని నాదభట్టు కట్టడి. తల్లి మనసారా పిలవాలి కదా మరి. ద్వారపాలకుడు సింగన ఈటె మీద గడ్డం ఆనించి ఒక్కొక్కరినీ లోపలికి వదులుతున్నాడు.

“ఏం తెచ్చారు తాతా?” అన్నాడు.

“పేరు తెచ్చాను.”

“అందరూ అదే అంటున్నారు. చివర ‘ర’ ఉందా? లేకపోతే ఇప్పుడే చెప్పండి. అదుగో, ఆయన ‘ల’ తెచ్చాడు.”

బురుజు మీంచి ఒక వెదురు బుట్ట వేలాడుతోంది. అందులో ముడుచుకుని కూర్చున్న పండితుడు కిందికి చూసి, “మంజుల అన్నాను నాయనా, అంతకంటే ఏమీ అనలేదు” అన్నాడు.

“నాది ‘ర’తోనే ముగుస్తుంది” అంది కేతకి. “నీకు పిల్లలున్నారా?”

సింగన మొహం విప్పారింది. “ఒక్కతే కూతురు. మొన్నటిదాకా నాగమ్మ అని పిలిచేవాళ్ళం, మోటుగా. ఇప్పుడు పామర.”

“పామర అంటే?”

“అదో పూవట. పాలసముద్రంలో తప్ప పూయదట. మా ఆవిడకి ఎవరో చెప్పారు.”

“బాగా పెట్టారు. తండ్రి పోలిక అప్పుడే తెలిసిపోతోంది.”

సింగన పొంగిపోయి, వరసలో ముందున్న నలుగురిని పక్కకి నెట్టి ఆమెని లోపలికి పంపాడు.

కొలువుకూటమంతా అరటి స్తంభాలు, మల్లెపందిళ్ళు. మధ్యలో దంతపు ఉయ్యాల, దానికి ముత్యాల గొలుసులు. ఉయ్యాలలో బిడ్డ పిడికిళ్ళు బిగించి పైకప్పుని చూస్తోంది. మొత్తం కూటంలో తన పని తాను చేసుకుంటున్నది అదొక్కతే. పక్కన లవంగి మహారాణి పాలనురుగు లాంటి తెల్ల పట్టుచీరలో నిలబడి ఉంది. ఆ చీర కుచ్చిళ్ళు నేల తాకకుండా ఎత్తిపట్టడానికి ఇద్దరు దాసీలు వంగి ఉన్నారు. పొద్దున తేనె చుక్క ఒకటి కొంగు మీద పడబోయిందని మూడో దాసీని పశువుల కొట్టంలోకి పంపేశారు. రాణి చీరకి తగలనంత దూరంలో, చిన్న పీట మీద వెండిగిన్నెలో పచ్చటి ముద్ద ఉంది. బారసాలనాడు బిడ్డ తలకి పెట్టడానికి ఆనవాయితీగా నూరే మందారాకు. పనివాళ్ళు గిన్నె నిండా జారుగా నూరి పెట్టారు.

మేనత్త కూర్చోవలసిన ఆసనం మీద చందనపు బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. దానికి కేతకి నగలు పెట్టారు, కేతకి పేరు రాశారు. కళ్ళు చెక్కినవాడి చెయ్యి వణికిందేమో, కొద్దిగా మెల్ల ఉంది. కేతకి దాన్ని చూసి, పక్కనే ఉన్న తమ్ముడిని చూసింది. పోలిక ఎవరిదో తెలిసింది.

పండితులు ఒక్కొక్కరే లేచి పేర్లు వినిపిస్తున్నారు.

“కుంజర,” అన్నాడొకాయన. “ఏనుగులాంటి ఠీవి.”

“నా కూతురు ఏనుగా?” అంది లవంగి.

“జర్జర,” అన్నాడు ఇంకొకాయన. “జరీ రెండుసార్లు వచ్చింది మహారాణీ, గమనించాలి.” సభ చప్పట్లు కొట్టింది. శిథిలమైపోయినదానికి ఆ మాట వాడతారని చెప్పిన గొంతు ఒక్కటీ లేదు.

“ఉదర. ఉదారతకు స్త్రీలింగం.”

దీనికి మంత్రీ సేనాపతీ కూడా తలలు ఊపారు. పొట్ట అని తెలిసి ఊపారో, బుట్ట గుర్తొచ్చి ఊపారో.

ఉయ్యాలకి అవతల నాదభట్టు కళ్ళు అరమూసి, తంబురా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సన్నటి వేళ్ళు, పచ్చగా మెరిసే దుశ్శాలువ, పాలు తాగి మూతి తుడుచుకున్న పిల్లిలా ఒక చిరునవ్వు. పేరు వినబడ్డప్పుడల్లా ఒక తీగ మీటుతున్నాడు. దేనితో పని జరిగినా ఆయనకి ఒకటే.

కేతకి లేచింది. ‘ర’ వద్దంటే బుట్టలోకి పోవాలి. నిజం చెబుదామంటే వినే మొహం ఒక్కటీ కనబడలేదు. అందుకే మడుగు ఒడ్డు నుంచి కోటగుమ్మం దాకా నడుస్తూ ‘ర’తో ముగిసే పేర్లన్నీ నెమరేసుకుని, దొడ్డిదారి ఉన్న పేరొకటి ఎంచుకుని వచ్చింది.

“మందార,” అంది గొంతు మార్చి.

సభ గుసగుసలాడింది. అర్థం తెలిసిన పేరు వినడం వాళ్ళకి చాలా రోజుల తర్వాత ఇదే. లవంగి బిడ్డ పెదవులకేసి చూసింది.

“పూవు పేరు. ఎర్రగా ఉంటుంది. దీని పెదాలు కూడా అలాగే ఉన్నాయి,” అంది. “నాకు నచ్చింది. గురువుగారూ?”

నాదభట్టు కళ్ళు తెరిచి కొత్త పండితుడిని పైనుంచి కింది దాకా చూశాడు. “మం, దా, ర” అని విడగొట్టి మూడు తీగలు మీటాడు. చివరి తీగ మోత కూటంలో కాసేపు తిరిగింది. ఎక్కడో దూరంగా నీళ్ళు గుటక వేసినట్టు అయింది. ఆయన చిరునవ్వు ఇంకొంచెం వెడల్పయింది.

“దివ్యంగా ఉంది. పేరు ఇచ్చిన పెద్దలు బిడ్డని ఆశీర్వదించండి. తర్వాత తల్లి మూడుసార్లు పిలుస్తుంది.”

కేతకికి కావలసిందీ అదే. బిడ్డ దగ్గరికి వెళ్ళడం, లవంగిని తలంటు సంగతి అడగడం. ఈ పిల్ల తలకి ఏమి నూరారమ్మా అంటే ఏ తల్లయినా ఏమంటుంది? మందారాకు అంటుంది. మడుగులో ఉన్నవాడికి ఇంట్లో వాడే ఆకూ అలమా ఏం తెలుసు? వాడి శంఖాల్లాంటి చెవులకి వినబడేది ఒక్కటే: మందా, రాకు.

ఆమె ఉయ్యాల మీదికి వంగింది. “దేవీ, ఈ బంగారుతల్లి తలకి ఏమి...”

మాట పూర్తి కాలేదు. బిడ్డ పిడికిలి విప్పి, ఎదురుగా వేలాడుతున్న కొంగ తోకను పట్టుకుంది. పట్టుకుని లాగింది. ములకదుర్గంలో ఎంతో మంది సైనికులకి లేని పట్టు ఆ చేతిలో ఉంది. తుమ్మజిగురు చిటుక్కుమంది, గడ్డం మొత్తం ఊడి ఉయ్యాలలో పడింది.

మణిధరుడు సింహాసనం మీంచి సగం లేచాడు.

“అక్కా? నువ్వా? ఆ గడ్డం ఏమిటి?”

“నీ కొలువులో గడ్డం ఉన్నవాళ్ళ మాటే వింటున్నారుగా తమ్ముడూ. అందుకని పెట్టుకొచ్చాను.” కేతకి తలపాగా తీసి చేతిలో పట్టుకుంది. ఇక దాచి లాభం లేదు. “ఇంకెవరి మాటా వినకపోయినా ఇది విను. మడుగులో శంఖకర్ణుడున్నాడు. నీ భార్య ఈ పేరు మూడుసార్లు పిలిస్తే వాడికి మూడుసార్లు ‘రా’ అని వినబడుతుంది. వచ్చి బిడ్డని తీసుకుపోతాడు. రాజ్యం ఈ తంబురా వాడిది అవుతుంది.”

నాదభట్టు ఎంతో జాలిగా నవ్వాడు. “మహారాజా, పేరు చివర దీర్ఘం తీస్తే భూతాలు వస్తాయట. ఊరంతా పూటపూటా పిలుస్తూనే ఉంది. ఇంతవరకూ ఎన్ని వచ్చాయి?”

సభ నవ్వింది. మంత్రి నవ్వాడు కాబట్టి సేనాపతి ఇంకొంచెం గట్టిగా నవ్వాడు.

“ఇంత కథ ఎందుకు వదినా?” అంది లవంగి. “పిల్లని ఎత్తుకోవాలని ఉంటే అడిగితే ఇచ్చేదాన్నిగా.”

“లవంగీ, నీకు దణ్ణం పెడతాను, నీ నోటితో ఒక్క మాట అను. మందా...”

నాదభట్టు వేలు ఎత్తాడు. భటులు ఆమె చేతులు వెనక్కి విరిచి, ఆమె తలపాగానే ఆమె నోట్లో కుక్కారు. ఉయ్యాలకి కొంచెం దూరంలో, వెండిగిన్నె పీట వెనక, స్తంభానికి ఆనించి నిలబెట్టారు. అక్కని అలా పట్టుకుంటుంటే మణిధరుడు కిరీటం సర్దుకున్నాడు. చిన్నప్పుడు తేలుని చూసి ఈ పిల్లాడు ఆమె వీపు మీదికి ఎక్కేవాడు. ఇప్పుడు ఎక్కడానికి సింహాసనం దొరికింది.

పళ్ళెంలో పోసిన బియ్యం మీద రాజు ఉంగరంతో పేరు రాశాడు. లవంగి ఉయ్యాల మీదికి, చీర నలగకుండా, కాస్త వంగింది.

“మందారా” అని పిలిచింది.

ఆ పిలుపులో నిజంగానే ప్రేమ ఉంది. కొండ కింద పెద్ద చప్పుడైంది. మడుగు నడిమికి చీలి, నల్లటి నీళ్ళు కోటగోడ ఎత్తున లేచి పడ్డాయి. తడి నాచు వాసన మల్లెపందిళ్ళ మీదుగా కూటంలోకి వచ్చింది.

“ఉరుము,” అన్నాడు మంత్రి. “శుభసూచకం.”

కేతకి భటులని ఈడ్చుకుంటూ ఒక అడుగు ముందుకు వేసింది. నలుగురు పట్టుకుని ఆపారు. ఐదోవాడు వచ్చి మెడ పట్టుకున్నాడు.

“మందారా” అంది లవంగి రెండోసారి.

కోటతలుపుల ఇనుప గడియలు మైనంలా వంగిపోయాయి. వీధిలో ఏనుగులు ఘీంకరించి ఊరుకున్నాయి. పావురాలన్నీ ఒక్కపెట్టున లేచి ఎగిరిపోయాయి. రాజభవనం ముంగిట ఒక నీడ వచ్చి నిలబడింది. దాని పాదాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెవులు రెండూ శంఖాల్లా మెలికలు తిరిగి భుజాల దాకా వేలాడుతున్నాయి. అది అరవలేదు, దూకలేదు. పిలుపు కోసం చెవి వంచి, వాకిట్లో ఓపిగ్గా నిలబడింది.

“తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి,” అన్నాడు మంత్రి. “శుభ... సూచకం.”

ఇప్పుడు అందరికీ కనబడింది. కానీ కాళ్ళు ఎవరికీ కదల్లేదు, నోరు ఎవరికీ పెగల్లేదు. కొలువులో అక్కరకు రాని మాటలే ఎప్పుడూ బాగా పెగులుతాయి. లవంగి మాత్రం వాకిలికి వీపు పెట్టి ఉంది. చీర అంచు, బిడ్డ మొహం, ఈ రెండే ఆమె చూస్తున్నది. మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకుంది. నీడ తన పాదం ఎత్తింది. తిరగలి రాయంత మడమ గడప మీద గాలిలో నిలిచింది.

కేతకి చేతులు భటుల పట్టులో ఉన్నాయి, నోట్లో గుడ్డ ఉంది. కాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆడదాని కాళ్ళకి మొక్కడమే గానీ, కాళ్ళు కట్టడం ఆ పండితుల శాస్త్రంలో లేదు. ఆమె మెడ పట్టుకున్నవాడి మీద బరువంతా వాల్చి, గుర్రం తన్నినట్టు కుడికాలు విసిరింది. పీట పల్టీ కొట్టింది. వెండిగిన్నె గాలిలోకి లేచింది. గిన్నెడు మందారాకు ముద్ద మహారాణి తెల్ల పట్టుచీర మీద, నడుము నుంచి కుచ్చిళ్ళ దాకా, చప్పున పడి జారింది.

“మందారా...” అని అప్పుడే పిలుపు అందుకున్న లవంగి కళ్ళు కిందికి దిగాయి. “...కు!” అని అదే ఊపిరిలో కేక వేసింది. “మందారాకు. నా చీరంతా మందారాకు.”

ఎత్తిన పాదం ఎత్తినట్టే ఆగిపోయింది.

శంఖకర్ణుడు మెల్లగా, తేమ నిండిన గొంతుతో, నొచ్చుకున్న చుట్టంలా అడిగాడు.

“రాకు అన్నావా తల్లీ?”

లవంగి వెనక్కి తిరగను కూడా తిరగలేదు. “అనక? ఈ చీరతో నేనెవరికి ఎదురుపడను? పొండి, అందరూ పొండి.”

పాదం వెనక్కి వెళ్ళింది. గడప నుంచి వాకిటికి, వాకిటి నుంచి మెట్ల కిందికి, ఎవరో మెడ పట్టి గెంటినట్టు భూతం జారిపోయింది. పాత ఒట్టు పట్టిన పట్టు అది. లవంగి అప్పుడు తిరిగి చూసి, చీర సంగతి మరిచిపోయి, ఉయ్యాల మీద అడ్డంగా పడిపోయింది. పచ్చటి ముద్ద బిడ్డకి కూడా అంటుకుంది. బిడ్డ దాన్ని నాకడానికి ప్రయత్నం చేసింది.

భటుల చేతులు వదులయ్యాయి. కేతకి నోట్లోంచి గుడ్డ ఊడబీకింది. శంఖకర్ణుడి గొంతు మెట్ల కింద నుంచి మళ్ళీ వినబడింది.

“పిలిచి వాకిట నిలబెట్టారు. నన్ను పిలిపించినవాడెవడు?”

నిమిషం క్రితం నాదభట్టు మాటకి నవ్విన సభ మొత్తం వేలు చాచి నాదభట్టుని చూపించింది. ఆయన అప్పటికే కిటికీ ఎక్కి ఉన్నాడు. దుశ్శాలువ కిటికీ గడియకి తగులుకుని చిరిగిపోయింది. ఆయన దాన్ని వదిలేసి, తంబురా చంకన పెట్టుకుని, కింద నిలబడ్డ భూతం భుజం మీదికి పిల్లిలాగే దూకాడు. నవ్వు మాత్రం వదల్లేదు.

“స్వామీ, పోయింది ఒక్క గడపే,” అన్నాడు శంఖంలాంటి చెవిలోకి వంగి. “మడుగు దాటి వచ్చేశారుగా. ఇక ఏ తల్లయినా ఒకటే. దీపాలు పెట్టే వేళ కావస్తోంది. ఒక్క క్షణం చెవి ఒగ్గండి.”

కేతకికి నాయనమ్మ చివరి మాట గుర్తొచ్చింది. పడమటి శిఖరాల మీద వైడూర్యాలు ఎర్రబడుతున్నాయి. ఆటలాడే పిల్లలు ఇళ్ళకి చేరే వేళ.

“అక్కా, ఇప్పుడేం చేద్దాం?” మణిధరుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కిరీటం ఒక చెవి మీదికి జారింది.

“ఇప్పుడు నా నీడ పనికొచ్చిందా?” కేతకి ఉయ్యాలలోంచి బిడ్డని తీసి, పచ్చటి ముద్దతో సహా అతని పట్టు అంగరఖా మీద పెట్టింది. “పట్టుకో. పిలవకు.”

“దీని పేరు మరి?” అంది లవంగి ఏడుస్తూ.

“పాప అను. పేరు నేను వచ్చాక పెడతాను.”

మేనత్త ఆసనం మీది చందనపు బొమ్మని దారికి అడ్డమని తన్నేసి, దండోరా వేసేవాడి మెడలోంచి డప్పు లాక్కుని, కేతకి ఈల వేసింది. కొంగ మెట్లెక్కి కూటం లోపలికే వచ్చింది. వస్తూ వస్తూ మంత్రిని ఒక పక్కకి తోసింది. ఆమె ఎగిరి ఎక్కింది.

వీధిలో ఇంటింటా దీపాలు వెలుగుతున్నాయి. “తల్లులారా, పేర్లు పెట్టి పిలవకండి” అని అరుస్తూ ఆమె డప్పు బాదింది. కిటికీలు తెరుచుకున్నాయి. “ఎవరే అది, గడ్డం లేని పండితుడు?” అని ఒకామె అడిగింది. “ఏదో కొత్త శాస్త్రం చెబుతున్నాడు, ‘ర’ పోయిందట, ఇప్పుడేం వచ్చిందో కనుక్కో” అని ఇంకొకామె జవాబిచ్చింది. చెప్పేదేమిటో వినకుండా, తర్వాత ఏ అక్షరం పెట్టాలో అడగడానికి జనం ఆమె గుర్రానికి అడ్డంపడి మూగారు.

కోటగుమ్మం పక్కన సింగన ఇంట్లోంచి అతని భార్య గొంతు ఖంగున వినబడింది.

“పామరా...”

నల్లటి నీడ వీధి మొగలో ఆగి, చెవి తిప్పింది. భుజం మీద నాదభట్టు తంబురా తీగని మెల్లగా మీటాడు. కేతకి జనాన్ని చీల్చుకుని కొంగని దౌడు తీయించింది. దారి పొడవునా ఆమె బుర్ర ఒక్కదాని కోసమే వెతుకుతోంది. మందారానికి ఆకు ఉంది, నూరడానికి గిన్నె ఉంది. పామరకి ఏ చెట్టు ఆకుని తెచ్చేది?

“పామరా... ఎంతసేపు పిలవాలే నిన్ను?”

ఆమె మలుపు తిరిగేసరికి శంఖకర్ణుడు ఆ పొట్టి గుమ్మం ముందు తల వంచి, మూడో పిలుపు కోసం చూస్తూ, చుట్టాలింటికి వచ్చిన పెద్దమనిషిలా, ఒక కాలు తర్వాత ఒక కాలు గోనెపట్టా మీద తుడుచుకుంటున్నాడు.